పిచ్చాసుపత్రుల చరిత్రలో బంధువులంతా విలన్లేనా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో పాతకాలం పిచ్చాసుపత్రుల మీద వచ్చిన వ్యాసం చదివాను. గొలుసులు, చన్నీళ్ల తొట్లు, కిక్కిరిసిన వార్డులు, అన్నీ ఉన్నాయి. బాగానే రాశారు. కానీ కుటుంబాల గురించి అంత పెద్ద వ్యాసంలో ఉన్నది ఒక్క వాక్యం: ఇంట్లోవాళ్లు తెచ్చి పడేసి చేతులు దులుపుకున్నారని. ఈ మాట ఇదివరకూ చాలాసార్లు విన్నాను. మా అన్నయ్యకు స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు ఉంది కాబట్టి నాకు ఒళ్లు మండటం సహజమే అనుకోండి, అయితే కోపం పక్కన పెట్టి చూసినా చరిత్ర అలా లేదు. బంధువుల్ని గేటు బయట నిలబెట్టింది చాలావరకు ఆసుపత్రులే, ఆ తర్వాత "వీళ్లకోసం ఎవరూ రావట్లేదు" అని బాధపడిందీ ఆసుపత్రులే.

19వ శతాబ్దం మొదట్లో ఫ్రాన్సులో ఎస్కిరోల్ అనే డాక్టరు ఉండేవాడు, మానసిక వైద్యానికి పునాదులు వేసినవాళ్లలో ఒకడు. రోగిని ఇంటి నుంచి, అయినవాళ్ల నుంచి, అలవాటైన పరిసరాల నుంచి విడదీస్తేనే మనసు కుదుటపడుతుందని ఆయన గట్టి నమ్మకం. ఫ్రాన్సులో 1838లో వచ్చిన చట్టంలో ఈ ఆలోచన ప్రభావం చాలా ఉంది. ఆ చట్టం కింద బంధువు ఒక అర్జీ, దానితోపాటు డాక్టరు సర్టిఫికెట్ తెస్తే మనిషిని చేర్చుకోవచ్చు. అంటే చేర్పించడానికి కుటుంబం కావాలి, చేర్పించాక మాత్రం అదే కుటుంబం వైద్యానికి అడ్డం.

ఇదేదో పాత సంగతి అనుకోకండి. మా అన్నయ్యను మొదటిసారి చేర్పించినప్పుడు (ఆసుపత్రి పేరు ఇప్పుడెందుకు లెండి) వార్డు గ్రిల్ దగ్గర ఒక రిజిస్టర్ ఉండేది. పేషెంట్ తాలూకు ఎవరు, ఎన్ని గంటలకు వచ్చారు, ఏం తెచ్చారు అని అందులో రాసి, తెచ్చింది అక్కడే ఇచ్చేసి వెళ్లిపోవాలి. ముందు ఆయనకు ఇక్కడ అలవాటు కానివ్వండి అని కొన్నాళ్లపాటు మమ్మల్ని ఆ గ్రిల్ దాటనివ్వలేదు. ఆయన ఏ వేళకు నిద్రపోతాడో, ఏ శబ్దం వింటే బెదిరిపోతాడో, జబ్బు ముదిరే ముందు ఏ మాట పదేపదే అంటాడో మమ్మల్ని ఒక్కరూ అడగలేదు. డిశ్చార్జ్ రోజున మాత్రం మందుల సంచి అమ్మ చేతిలో పెట్టి, ఇక అంతా మీరే చూసుకోవాలి అన్నారు.

1790లో ఇంగ్లండులోని యార్క్ పిచ్చాసుపత్రిలో హన్నా మిల్స్ అనే వితంతువును చేర్చారు. క్వేకర్లు అనే క్రైస్తవ శాఖకు చెందిన మనిషి. ఆమె బంధువులు దూరాన ఉండటంతో, ఊళ్లో ఉన్న తెలిసినవాళ్లను ఒకసారి వెళ్లి చూసి రమ్మని అడిగారు. వాళ్లు వెళితే, ఆమె బయటివాళ్లు చూసే స్థితిలో లేదని తిప్పి పంపేశారు. చేరిన కొన్ని వారాలకే ఆమె చనిపోయింది. లోపల ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. ఆ ఘటనే విలియం ట్యూక్ అనే టీ వ్యాపారిని కదిలించింది, 1796లో క్వేకర్లు తమవాళ్ల కోసం సొంతంగా 'రిట్రీట్' అనే ఆసుపత్రి తెరిచారు, గొలుసులు లేని వైద్యానికి అది ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. ట్యూక్ పేరు అందరూ రాస్తారు. చూడ్డానికి వెళ్లి గేటు దగ్గర కాదనిపించుకున్నవాళ్ల సంగతి ఆ కథలో ఒక వాక్యంతో అయిపోతుంది, నిజానికి కథ మొదలైంది అక్కడే.

ఇంగ్లండులోనే 1890లో ఇంకో చట్టం వచ్చింది. దాని ప్రకారం జడ్జి ఉత్తర్వుతో చేర్పించాలంటే అర్జీ పెట్టేది వీలైనంతవరకు భర్తో, భార్యో, బంధువో అయి ఉండాలి, అర్జీకి ముందు 14 రోజుల్లోపు ఆ మనిషిని స్వయంగా చూసి ఉండాలి, చేర్పించాక ఆరు నెలలకు ఒకసారైనా తనో తన తరఫు మనిషో వెళ్లి చూసి వస్తామని మాట ఇవ్వాలి. ఆరు నెలలకు ఒకసారి అంటే ఏం గొప్ప అనిపించవచ్చు, కానీ చేర్పించడంతో బంధువు బాధ్యత తీరిపోదని చట్టమే రాసిపెట్టింది కదా.

అసలు ఎప్పుడు తెచ్చి చేర్పించేవారు? అమెరికాలో ఫిలడెల్ఫియా ఆసుపత్రిని 40 ఏళ్లకు పైగా నడిపిన థామస్ కర్క్‌బ్రైడ్‌కు బంధువులు రాసిన ఉత్తరాలు బోలెడు మిగిలాయి. నాన్సీ టోమ్స్ అనే చరిత్రకారిణి వాటిని చదివి రాసింది చూస్తే, వదిలించుకునే తొందర కంటే, ఇంట్లో భరించి భరించి, ఇక చేతకాక, భయపడుతూ సిగ్గుపడుతూ తలుపు తట్టినవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. విక్టోరియా రాణి కాలపు ఇంగ్లండు రికార్డుల మీద పనిచేసిన డేవిడ్ రైట్ కూడా ఇలాంటి మాటే అంటాడు: పేద కుటుంబాలు పిచ్చాసుపత్రిని ఒక అవసరానికి వాడుకున్నాయి, పరిస్థితి కుదుటపడగానే మనిషిని వెనక్కి తెచ్చుకున్నాయి. చేరినవాళ్లలో చాలామంది ఏడాది తిరక్కుండానే బయటికి వచ్చారు. ఏళ్ల తరబడి లోపలే ఉండిపోయినవాళ్లు వార్డుల్లో పేరుకుపోతారు కాబట్టి చూసేవాళ్ల కంటికి వాళ్లే ఆనతారు.

ఇంతా చెప్పి బంధువులంతా దేవుళ్లని అనను. ఎలిజబెత్ ప్యాకార్డ్ కథ తెలిసినవాళ్లెవరూ ఆ మాట అనలేరు. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒక పాస్టరు గారి భార్య, ఆరుగురు పిల్లల తల్లి. మతం విషయంలో భర్త చెప్పినదానికి ఎదురు మాట్లాడటమే ఆమె చేసిన నేరం. అప్పట్లో ఆ రాష్ట్రంలో మిగతావాళ్లను చేర్పించాలంటే విచారణ ఉండాలి, పెళ్లైన ఆడదాన్ని చేర్పించడానికి మాత్రం భర్త మాట, ఆసుపత్రి అధికారి ఒప్పుకోలు చాలు. 1860లో ఆయన ఆమెను జాక్సన్‌విల్ ఆసుపత్రిలో పెట్టించాడు. మూడేళ్లకు వదిలిపెడితే, ఇంటికి తెచ్చి కిటికీలకు మేకులు కొట్టిన గదిలో పెట్టి తాళం వేశాడు. ఆమె ఎలాగో ఒక చీటీ బయటికి పంపింది, విషయం కోర్టుకెక్కింది, 1864లో జ్యూరీ ఏడంటే ఏడు నిమిషాల్లో ఈమె మతి స్థిమితంగానే ఉందని తేల్చేసింది. ఇంటికి వెళ్లేసరికి భర్త సామాను, పిల్లలను తీసుకుని రాష్ట్రం దాటిపోయాడు. ఆమె ఊరుకోలేదు. 1867లో విచారణ లేకుండా ఎవరినీ బంధించకూడదని అక్కడ చట్టం వచ్చేదాకా తిరిగింది. ఇంగ్లండులో జాన్ పర్సివల్ కూడా అంతే. హత్యకు గురైన ప్రధానమంత్రి కొడుకు. 1830ల్లో సొంత కుటుంబమే పెట్టించిన ప్రైవేటు ఆసుపత్రుల్లో మూడేళ్లు ఉండి వచ్చి, తనలాంటివాళ్ల తరఫున పోరాడటానికి 1845లో సంఘం పెట్టినవాళ్లలో ఒకడయ్యాడు. ఇంట్లోవాళ్ల మాట ఒక్కటే చాలు అనే చట్టం ఎంత ప్రమాదమో వీళ్లిద్దరినీ చూస్తే తెలుస్తుంది, అందులో నాకు వాదన లేదు.

ఇంట్లోవాళ్లు అసలు దారిలోనే లేకపోతే ఏమవుతుందో కూడా చరిత్రలో ఉంది, మీ వ్యాసం దాని జోలికే పోలేదు. హిట్లర్ ప్రభుత్వం 1939 నుంచి మానసిక రోగులను ఏరివేసే పని పెట్టుకుంది. ఆసుపత్రులకు ఒక ఫారం పంపారు, పేషెంటుకు ఒకటి చొప్పున నింపి పంపాలి. జబ్బు ఏమిటి, ఎన్నేళ్లుగా ఉన్నాడు, పని చేయగలడా అనే ప్రశ్నలతో పాటు అందులో ఇంకోటి కూడా ఉంది: ఈ రోగిని చూడటానికి క్రమం తప్పకుండా ఎవరైనా వస్తారా, వస్తే ఎవరు, చిరునామా ఏమిటి? ఆ గడి ఖాళీగా ఉంటే అడిగే దిక్కు లేదని అర్థం. 1941 ఆగస్టు నాటికి 70,000 మందికి పైగా విషవాయువుతో చంపేశారు. ఇళ్లకు దొంగ ఉత్తరాలు వెళ్లాయి, ఎప్పుడో అపెండిక్స్ తీయించుకున్నవాళ్లు కూడా అపెండిక్స్ వాచి పోయారని రాశారు, బంధువులకు అనుమానం వచ్చింది అలాంటి తప్పుల వల్లే. భయపడి నోరు మూసుకున్న కుటుంబాలూ ఉన్నాయి, ఆసుపత్రికి పరిగెత్తి మనిషిని ఇంటికి తెచ్చుకున్నవీ ఉన్నాయి. ఊళ్లల్లో ఆ గుసగుసలు పెరిగాక, బిషప్ ఫాన్ గాలెన్ చర్చిలో బాహాటంగా ఖండించాక, హిట్లర్ ఆ విషవాయువు కార్యక్రమం ఆపమన్నాడు (మందులతో, ఆకలితో చంపడం ఆ తర్వాత కూడా సాగింది).

యుద్ధం అయ్యాక డాక్టర్లు బంధువుల మీద కొత్త నింద వేశారు. 1948లో ఫ్రీడా ఫ్రోమ్ రైక్‌మన్ అనే పేరున్న సైకియాట్రిస్టు, స్కిజోఫ్రీనియా రావడానికి తల్లి పెంపకమే కారణం అనే అర్థంలో రాసింది, ఆ ముద్ర రెండు మూడు దశాబ్దాలు తల్లులను వదల్లేదు. అసలే కొడుకు అలా అయ్యాడని కుమిలిపోతున్న మనిషిని పట్టుకుని నీ వల్లే అంటే ఆవిడ ఆ ఆసుపత్రి గడప మళ్లీ తొక్కుతుందా? 1979లో అమెరికాలో ఇలాంటి పిల్లల తల్లులు హ్యారియెట్ షెట్లర్, బెవర్లీ యంగ్ ముందుకొచ్చి మాడిసన్ అనే ఊళ్లో నలుగురినీ పోగు చేయడంతో, మానసిక రోగుల కుటుంబాల తరఫున పనిచేసే నామీ అనే పెద్ద సంస్థ పుట్టింది.

మన దేశంలో దీనికి పూర్తి విరుద్ధంగా జరిగింది. 1950ల్లో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్, ఆసుపత్రి ఆవరణలోనే టెంట్లు వేయించి బంధువులను పేషెంట్ల పక్కనే ఉండనిచ్చాడు. ఇది ఏ సిద్ధాంతం చదివో మొదలుపెట్టింది కాదు, చూసుకునే చేతులు చాలక మొదలైంది. తీరా చూస్తే పేషెంట్లు త్వరగా తేరుకున్నారు, ఇంటికి తీసుకుపోవడానికి బంధువుల భయమూ పోయింది, పక్క టెంట్లో బాగుపడినవాడిని చూసి వీళ్లకు ధైర్యం వచ్చింది. వెల్లూరులోనూ అదే దశాబ్దంలో ఇంట్లోవాళ్లు తోడుండే పద్ధతి పెట్టారు. తర్వాతి రోజుల్లో వేరే దేశాల డాక్టర్లు ఇవి చూసి రాసుకున్నారు. మన వ్యాసాలకు మాత్రం ఇప్పటికీ లండన్‌లోని పాత పిచ్చాసుపత్రి బెడ్‌లామ్ గొలుసులే కావాలి.

వ్యాసం చివర రెండో భాగం ఉందని వేశారు. అందులోనైనా, చూడ్డానికి వచ్చే వేళలు ఎవరు పెట్టేవారో, పేషెంట్ల ఉత్తరాలు ఎవరు తెరిచి చదివేవారో, మా మనిషిని ఇంటికి పంపండని అడిగిన బంధువులకు ఏం జవాబు చెప్పేవారో రాయించండి. ఫొటో కూడా గొలుసులది కాకుండా ఇంకేదైనా వేస్తే మేలు. మా అన్నయ్య రోజూ మీ పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతాడు.

ఇట్లు,
ఒక పాఠకురాలు