తాగునీటి కమిటీ జమా ఖర్చుల వివరణ (2016 జనవరి – జూన్)

వరుసగా రెండు వానకాలాలు మొహం చాటేసి చెరువు నెర్రెలు బారిన స్థితిలో, వరంగల్ జిల్లాలోని మన ఊరికి ఈ యాసంగి, ఎండాకాలం గడిచేదాకా తాగునీరు అందించడానికి వసూలైన సొమ్ము లెక్కను గ్రామస్థుల ముందు ఉంచుతున్నాము.

జమ: 371 గడపల నుంచి 300 చొప్పున 1,11,300 రూపాయలు, హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తున్నవారి నుంచి 45,000, కాలిఫోర్నియాలో ఉన్న మన ఊరి పిల్లల నుంచి 80,000, గణేశ్ ఉత్సవాలలో మిగిలినవి 6,700, మొత్తం 2,43,000. ఇచ్చిన ప్రతి ఒక్కరికీ కృతజ్ఞతలు.

ఖర్చు: ట్యాంకర్ 96 ట్రిప్పులకు 600 చొప్పున 57,600, రెండు ప్లాస్టిక్ ట్యాంకులకు 18,000, పైపులకు 41,000, వాటికి కందకం తవ్విన కూలీలకు 9,000, కాలిన మోటారు రీవైండింగుకు 7,400, నీళ్లు వదిలిన మనిషికి ఐదు నెలల జీతం 20,000. వీటి రశీదులు ఉన్నాయి, వీటి గురించి ఎవరూ అడగలేదు. అడిగిందల్లా బోరు అద్దె 54,000 గురించే.

ఆ సొమ్ము ముట్టిన రైతు మా కోశాధికారికి బావమరిది కనుక అనుమానం రావచ్చు. కానీ జనవరి నాటికి ఊళ్లో ఆగకుండా పోస్తున్న బోరు ఆ రైతుదొక్కటే. ఆ నీళ్లు ఊరికి ఇస్తే ఆయన మూడెకరాల వరి మానుకోవాలి, పోయే ఆ పంట మిగులునే అద్దెగా లెక్క వేశాము. అద్దె తేల్చిన రోజు కోశాధికారి కూర్చోలేదు. వారిద్దరితో ఏ చుట్టరికమూ లేని ముగ్గురు రైతులు లెక్క కట్టారు. ఎకరాకు 24 క్వింటాళ్ల వడ్లు, మద్దతు ధర 1,410 చొప్పున 33,840. దున్నకం, నాటు, ఎరువులు, కోత పోను 18,000 మిగులుతుందని తేల్చి, మూడెకరాలకు 54,000 ఖాయం చేశారు. అప్పటికే బోరు రైతు పోసిన నారు జానెడు ఎదిగి ఉంది. మాట ఇచ్చిన మర్నాడే ఆ మడిలోకి బర్రెలను తోలారు. ఆ విత్తనాల డబ్బు ఆయన అడగలేదు, మేము ఇవ్వలేదు. పొలం బీడు పెట్టి డబ్బు తీసుకున్నాడని అంటున్నవారు ఇది గమనించాలి. గడపల వసూళ్లు నాలుగు నెలలు సాగినందువల్ల సగం అద్దె మే నెలలో గాని చెల్లించలేకపోయాము.

అద్దె కట్టే బదులు లోతుగా కొత్త బోరు వేయించవలసిందని కాలిఫోర్నియా నుంచి ఒకరు రాశారు. వారూ 2012 నుంచి కరువు చూస్తున్నవారే; అక్కడ కొండల మీద చలికాలంలో పేరుకున్న మంచు వేసవిలో కరిగి జలాశయాలకు దిగాలి, కానీ సియెరా నెవాడా అనే ఆ కొండల మీద 2015 ఏప్రిల్ 1న కొలిచినప్పుడు అది సగటులో 5 శాతమే ఉన్నది. అయినా అక్కడి మైదానంలో ఒండ్రు పొరలు చాలా లోతుదాకా ఉన్నందున రైతులు వెయ్యి అడుగుల కిందినుంచి కూడా తోడుకుంటున్నారు, నేల కుంగుతున్నా సరే. మన కాళ్ల కింద ఉన్నది గ్రానైటు. నీరు పైనున్న మెత్తరాతిలోనూ, దాని కింది పగుళ్లలోనూ మాత్రమే నిలుస్తుంది; పగులు తగలకపోతే ఎంత లోతుకు పోయినా పొడే వస్తుంది. హనుమాన్ గుడి వెనుక నిరుడు వేసిన రెండు బోర్ల తెల్లపొడి కుప్పలు ఇంకా అక్కడే ఉన్నాయి, చూసుకోవచ్చు.

కాలువ నీళ్లకు ఆగవలసిందన్నవారికి కూడా ఒక మాట. కాకతీయ కాలువకు శ్రీరాంసాగర్ నుంచి రావాలి, శ్రీరాంసాగర్‌కు గోదావరి నుంచి రావాలి. త్ర్యంబకం దగ్గర పుట్టే గోదావరికి మంచు కొండల ఆధారం లేదు, వానే ఆధారం. ఎగువన వాన పడని ఏడు ఎండాకాలంలో పైనుంచి వచ్చేదేమీ ఉండదు.

ఇంకా 41 గడపల నుంచి 12,300 రావాలి. వారిలో కూలి దొరకని ఇళ్లను మేము అడగలేదు, అడగము. గ్రామసభలో లేచి 10,000 ఇస్తానని చప్పట్లు కొట్టించుకున్న పెద్దమనిషి సంగతి వేరు. ట్యాంకర్ వారి వాకిట్లోనూ ఆగింది.

మొత్తం ఖర్చు 2,07,000 పోను 36,000 బ్యాంకులో ఉన్నది. దానిని చెరువు తూము మరమ్మతుకు వాడాలన్నది మా ప్రతిపాదన. గ్రామసభ ఒప్పుకుంటేనే తీస్తాము. రశీదు పుస్తకాలు ప్రతి ఆదివారం ఉదయం పంచాయతీ ఆఫీసులో ఉంటాయి.