ఒకసారి కెమెరా పట్టుకుని మా గ్రౌండ్‌కి రా సీనా

అనంతపురం

సీనా,

బాగున్నావా? ఇంట్లో అందరూ కులాసానా? పాపను కొత్త స్కూల్లో వేశానన్నావు, అలవాటు పడిందా లేదా? మొన్న ఫోన్లో మాట సగంలో ఉండగానే నీకు ఆఫీసు కాల్ వచ్చి పెట్టేశావు గానీ, నువ్వన్న మాట నన్ను వదల్లేదప్పా. "ఇంకా ఆ ఖో ఖో, సాఫ్ట్‌బాల్ పట్టుకుని ఎన్నాళ్లు వేలాడతావు, ఇప్పుడంతా ఎంఎంఏనే, పిల్లలకు అది నేర్పించు, వాళ్లకైనా నాలుగు రాళ్లొస్తాయి" అన్నావు. ఎంఎంఏ అంటే గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు అన్నీ కలిపి ఆడే ఫైటింగే కదా. వాట్సాప్‌లో జవాబు రాద్దామని మొదలుపెట్టా, ఎంత రాసినా తెగట్లేదు. అందుకే తీరిగ్గా కూర్చుని ఉత్తరమే రాస్తున్నా. పెద్దదే, ఓపిక చేసుకుని చదువు.

నువ్వు చూసిందాంట్లో తప్పేం లేదు. ఆదివారం పొద్దున టవర్ క్లాక్ దగ్గర ఉగ్గాని బజ్జి తినడానికి పోతే తెలుస్తుంది. అమెరికాలో శనివారం రాత్రి జరిగే ఫైట్లు మనకు సరిగ్గా టిఫిన్ వేళకు వస్తాయి కదా, ఇంటర్ పిల్లలు నలుగురైదుగురు ఫోన్‌ను నీళ్ల జగ్గుకు ఆనించి పెట్టుకుని ఉంటారు, ప్లేట్లో బజ్జీలు చల్లారిపోతున్నా వాళ్లకు పట్టదు. "చోక్ పడిందిరా, ఇంక అయిపోయాడు" అని ఒకడు అంటాడు, చోక్ అంటే మెడ బిగించే పట్టులే, నిజంగానే పది సెకన్లలో అవతలివాడు ఓటమి ఒప్పుకుని చేత్తో నేల తట్టేస్తాడు. మా స్కూల్లో ఎనిమిదో తరగతి పిల్లోడు ఒకడు ఆర్మ్‌బార్ ఎట్లా వేస్తారో, మోచెయ్యి ఎటు తిప్పితే ఎక్కడ నొప్పి పుడుతుందో నాకు వివరంగా చెప్పాడు, అంతా కరెక్టే చెప్పాడు! అదే పిల్లల్ని 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొట్టమొదటి ఖో ఖో వరల్డ్ కప్ ఎవరు గెలిచారని అడిగితే ఒక్కరు కూడా నోరు తెరవలేదు. మనమే గెలిచాం సీనా. ఆడవాళ్లు ఫైనల్లో నేపాల్‌ను 78-40తో కొట్టారు, మగవాళ్లు కూడా నేపాల్‌నే 54-36తో కొట్టారు. రెండు కప్పులూ మనవే. రోజూ ఖో ఖో ఆడే పిల్లలకే ఆ సంగతి తెలియదంటే ఎంత బాధేసిందో నీకు చెప్పలేను.

ఫైట్లు చూసే పిల్లలమీద నాకు కోపం లేదు. కొట్లాట చుట్టూ జనం గుమిగూడటం మన సీమకు కొత్తా ఏంది? తాలింఖానాల్లో కుస్తీ పట్టిన తాతలు మనకు ఉన్నారు. దేవరగట్టులో దసరా రాత్రి బన్నీ ఉత్సవానికి కర్రలు లేస్తాయని తెలిసి టీవీ వాళ్లు ఏటా కెమెరాలేసుకుని దిగుతారు. అది భక్తి, ఆట కాదు, ఆ సంగతి వేరు. కానీ దెబ్బ పడే చోట చూపు ఆగుతుంది, మనిషి లక్షణమే అంత. పైగా ఫైట్ చూడ్డానికి ముందుగా ఏ రూలూ తెలిసి ఉండక్కర్లేదు. ఎవరు నిలబడ్డారో, ఎవరు పడ్డారో చంటిపిల్లోడికి కూడా తెలిసిపోతుంది. అరనిమిషం క్లిప్పులో మొత్తం కథ పట్టేస్తుంది. ఫోన్ కాలానికి అంతకంటే సరిపోయే ఆట ఇంకొకటి లేదు, ఒప్పుకుంటా.

అయితే ఒక్క దెబ్బలవల్లే ఇంత పాపులర్ అయిందంటే మాత్రం నేను ఒప్పుకోను. దీని చరిత్ర చూడు. ఎంఎంఏ పోటీలు నడిపే పెద్ద కంపెనీ యూఎఫ్‌సీ 1993 నవంబర్‌లో అమెరికాలోని డెన్వర్‌లో మొదలైంది. మొదట్లో రూల్స్ చాలా తక్కువ, బరువును బట్టి విభాగాల్లేవు, రక్తం మాత్రం కావలసినంత. 1996లో సెనేటర్ జాన్ మెకెయిన్ ఇది మనుషులతో ఆడించే కోడిపందెమని తిట్టి, నిషేధించమని 50 రాష్ట్రాల గవర్నర్లకు లేఖలు రాశాడు. కేబుల్ కంపెనీలు చూపించడం మానేశాయి. దెబ్బలు అప్పుడే ఇంకా ఘోరంగా ఉండేవి కదా, మరి అప్పుడెందుకు మునిగిపోయింది? 2001కి వచ్చేసరికి కంపెనీ మొత్తం 20 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. అదే కంపెనీ 2016లో సుమారు 400 కోట్ల డాలర్లకు పోయింది. 2025లో పారమౌంట్ వాళ్లు ఏడేళ్ల ప్రసార హక్కులకు 770 కోట్ల డాలర్లకు ఒప్పందం చేసుకున్నారు!

మధ్యలో ఏం జరిగింది? గ్లవ్స్ వచ్చాయి, బరువు విభాగాలు వచ్చాయి, రౌండ్లు వచ్చాయి, అదంతా నిజమే. కానీ అసలు మలుపు 2005లో తిరిగింది. ఫైటర్లందరినీ ఒకే ఇంట్లో పెట్టి రియాలిటీ షో తీశారు. ఎవరు ఎక్కడినుంచి వచ్చారు, ఎవరికి ఎవరంటే పడదు, ఇవన్నీ వారాల తరబడి చూపించి ఆఖర్న ఫైనల్ పెట్టారు. ఫారెస్ట్ గ్రిఫిన్, స్టీఫన్ బోనర్ కొట్టుకున్న ఆ ఫైట్‌ను మామూలు కేబుల్ టీవీలో, విడిగా డబ్బు కట్టే పని లేకుండా చూపించారు. అప్పటికి ఆ ఇద్దరూ జనానికి సొంత మనుషులైపోయారు. 2018లో యూఎఫ్‌సీ ఫైటర్లు ఖబీబ్, మెక్‌గ్రెగర్ కొట్టుకున్న ఫైట్ సంగతి కూడా అంతే. అక్టోబర్‌లో ఫైట్ అయితే ఏప్రిల్ నుంచే తగువు నడుస్తోంది, మెక్‌గ్రెగర్ వచ్చి బస్సు అద్దాలు పగలగొట్టడం, కేసులు, ప్రెస్‌మీట్లలో తిట్లు. డబ్బు కట్టి చూసినవాళ్ల లెక్కే దాదాపు 24 లక్షలు. ఆ రాత్రి జనం చూసింది ఆరు నెలల కథకు చివరి భాగం.

ఇంకో సంగతి విను. నువ్వు "ఫైట్లు ఫైట్లు" అంటున్నావు గానీ, ఫైట్లన్నీ ఒకటి కావు. 2024 నవంబర్‌లో 58 ఏళ్ల టైసన్‌తో 27 ఏళ్ల యూట్యూబర్ జేక్ పాల్ బాక్సింగ్‌లో తలపడితే నెట్‌ఫ్లిక్స్ లెక్కప్రకారం 10.8 కోట్లమంది లైవ్ చూశారు. ఫైట్ ఎట్లా జరిగిందో నువ్వూ చూశావు, అందులో చూడ్డానికేమీ లేదు. అదే రాత్రి మన బాక్సర్ నీరజ్ గోయత్ కూడా బ్రెజిల్ యూట్యూబర్ ఒకతనితో ఆడి గెలిచాడు, ఎంతమందికి గుర్తుంది? అదే రాత్రి పోటీల్లో ఆడ బాక్సర్లు కేటీ టేలర్, అమాండా సెరానో పది రౌండ్లు ఆడారు, సెరానో కనుబొమ్మ పగిలి రక్తం కారుతున్నా వెనక్కి తగ్గలేదు, ముగ్గురు జడ్జీల దగ్గరా ఒక్క పాయింటు తేడాతో టేలర్ గెలిచింది. ఆ రాత్రి బాక్సింగంటే అదీ. దాన్ని కోట్లమంది చూడగలిగారంటే టైసన్ పేరు మీద వచ్చినందుకే.

మన నిజామాబాద్ అమ్మాయి, బాక్సర్ నిఖత్ జరీన్‌ను తీసుకో. 2022లో ఇస్తాంబుల్‌లో వరల్డ్ చాంపియన్, 2023లో ఢిల్లీలో మళ్లీ వరల్డ్ చాంపియన్. అది కూడా ఫైటే కదా, గుద్దులు అక్కడా గట్టిగానే పడతాయి. ఆ టిఫిన్ సెంటర్లో ఒక్క పిల్లోడైనా ఆ ఫైనల్ చూశాడేమో అడుగు. మెడల్ వచ్చిన రోజు స్టేటస్‌లు, మర్నాడు మౌనం. పూజా తోమర్ 2024 జూన్‌లో యూఎఫ్‌సీలో గెలిచిన మొదటి భారత మహిళ అయింది, ఆమె అంతకుముందు ఎన్నో ఏళ్లు వుషు అనే చైనా యుద్ధకళ ఆడింది, ఆ ఏళ్లలో ఆమెను పట్టించుకున్నది ఎవరు? అదే మనిషి, అవే కాళ్లు, అవే తన్నులు. మారింది కెమెరా ఒక్కటే.

ఆటల్లో గొప్పా తక్కువా చూసి జనం ఎగబడరు సీనా, తమకు తెలిసిన మనిషి బరిలో ఉంటేనే కళ్లప్పగించి చూస్తారు. ఆ తెలియజెప్పే పని ఫైట్లవాళ్లు చేసుకున్నారు, మనవాళ్లు చేసుకోలేదు. కబడ్డీ సంగతే చూడు. చిన్నప్పుడు మనం పెద్దమ్మ జాతరలో చూసిన కబడ్డీకీ 2014లో ప్రో కబడ్డీ లీగ్ మొదలయ్యాక టీవీలో వచ్చిన కబడ్డీకీ ఆటలో తేడా ఎంత? రెయిడ్‌కు 30 సెకన్లు పెట్టారు, పాయింటు తేకపోతే అవుటయ్యే డూ ఆర్ డై రెయిడ్ తెచ్చారు, మ్యాట్ మీద లైట్లు వేశారు, అన్నింటికంటే ముందు ఆటగాళ్లకు ముఖాలిచ్చారు. తెలుగు టైటాన్స్‌లో రాహుల్ చౌదరి రెయిడ్‌కు పోతుంటే మా ఇంట్లో అమ్మ కూడా వంటింట్లోనుంచి వచ్చి నిలబడేది. ఆమెకు కబడ్డీ రూల్స్ తెలియవు, "ఆ పిల్లోడు" తెలుసు, అంతే.

ఖో ఖోకు కూడా 2022లో లీగ్ వచ్చింది, వజీర్ అని ఎటైనా పరిగెత్తగలిగే ఆటగాణ్ని పెట్టి వేగం పెంచారు. మన తెలుగు యోధాస్ మొదటి సీజన్లోనే ఫైనల్‌కు పోయి ఒడిశా చేతిలో 46-45తో ఓడిపోయింది. ఒక్క పాయింటు! క్రికెట్లో అట్లాంటి ఫైనల్ పడితే పదేళ్లు మాట్లాడుకుంటాం.

మా స్కూల్లో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి ఉంది, పేరు రాయనులే. ఆ పిల్ల పోల్ డైవ్ కొట్టడం నువ్వు దగ్గరగా చూడాలి. రన్నర్ పోల్ చుట్టూ తిరిగి తప్పించుకున్నాననుకునే క్షణంలో ఈ పిల్ల ఎడమచేత్తో పోల్‌ను పట్టుకుని ఒళ్లంతా నేలకు సమానంగా చాపేస్తుంది, కుడిచేతి వేళ్ల చివర్లు అవతలిపిల్ల మడమకు తగులుతాయి, దుమ్ము లేస్తుంది, విజిల్ పడుతుంది. మోకాళ్లమీద, మోచేతులమీద పాతమచ్చల మీద కొత్తమచ్చలు. మాది మ్యాట్ కాదు, గరుసు నేల. వాళ్ల నాన్న వేరుశనగ పండక బెంగళూరు పోయి సెంట్రింగ్ పని చేస్తాడు, ఈ పిల్ల పొద్దున్నే గేదె పని చూసుకుని ప్రాక్టీసుకు వస్తుంది. ఏ ఫైటర్ కథకు ఇది తీసిపోతుంది చెప్పు? ఆ కథను ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు, మా ఊళ్లోవాళ్లకే తెలియదు.

మన ఊళ్లో ఆటలంటే ఇష్టం లేక కాదు. 2024 సెప్టెంబర్‌లో ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) స్టేడియంలో దులీప్ ట్రోఫీ క్రికెట్ పెట్టినప్పుడు దారంతా బళ్లే కదా, సంజూ శాంసన్ సెంచరీ కొట్టిన సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. అదే ఆర్‌డీటీ స్పోర్ట్స్ విలేజ్‌లో హాకీ, జూడో ఏళ్లుగా నేర్పిస్తున్నారు, నాదల్ పేరుతో టెన్నిస్ స్కూలు 2010 నుంచి ఉంది, వాటికి జనం రారు. కర్నూలు అమ్మాయి జాఫ్రీన్ షేక్ చెవులు వినపడకపోయినా టెన్నిస్ ఆడి 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో, అంటే వినపడనివాళ్ల ఒలింపిక్స్‌లో, మిక్స్‌డ్ డబుల్స్ కాంస్యం తెచ్చింది. మన పక్క జిల్లా సీనా! నీకు ఈ పేరు ముందే తెలిసి ఉంటే నిజంగా సంతోషిస్తా.

పిల్లలకు ఎంఎంఏ నేర్పించు అన్నావే, దానిగురించి కూడా చెప్తా. జూడో అంటే రేపే మొదలుపెడతా, ఎందుకంటే అందులో మొదట నేర్పేది పడటం, తలకు దెబ్బ తగలకుండా ఎట్లా పడాలో వచ్చేదాకా ఎవర్నీ పడేయనివ్వరు. తలమీద గుద్దులు తినే ఆట వేరు. మహమ్మద్ అలీకి 42 ఏళ్లకే పార్కిన్సన్స్ బయటపడింది. పదమూడేళ్ల పిల్లలు క్లిప్పులు చూసి క్లాసురూంలో ఒకరి మెడ ఒకరు పట్టుకుంటుంటే నాకు ప్రాణం పోయినంత టెన్షన్. నాలుగు రాళ్లన్నావు, ఆ రాళ్లు కూడా పైన ఉన్నవాళ్లకే. సరైన వాటా ఇవ్వలేదని ఫైటర్లే కోర్టుకెక్కితే యూఎఫ్‌సీ 37.5 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది. మన పిల్లలకు ఖో ఖోలో రాష్ట్రస్థాయి సర్టిఫికెట్ వస్తే స్పోర్ట్స్ కోటా కింద కాలేజీ సీటుకు ఆశ ఉంది, ఉద్యోగానికి ఆశ ఉంది. సాఫ్ట్‌బాల్ 2028లో మళ్లీ ఒలింపిక్స్‌లోకి వస్తోంది కూడా.

ఇంత చెప్పి నిన్ను అడగాల్సింది ఒకటుంది. నీ పనే వీడియో ఎడిటింగ్. హీరోల ప్రెస్‌మీట్లు కట్ చేసే చెయ్యి నీది, మా పిల్లలకోసం రెండురోజులు ఇవ్వు. దసరా సెలవులయ్యాక జిల్లా సెలక్షన్స్ ఉంటాయి, తేదీ ఖాయం కాగానే చెప్తా. నువ్వు మ్యాచ్ ఒక్కటే తీస్తే లాభం లేదప్పా, ఒకరోజు ముందే రా. ఆ పిల్ల ఇంటికి పోదాం, వాళ్ల అమ్మతో మాట్లాడదాం, నాన్నకు బెంగళూరుకు వీడియో కాల్ చేయిద్దాం. అవతలి స్కూలు టీంలో కూడా ఒక గట్టి రన్నర్ ఉంది, పోయినేడు మావాళ్లను ఏడిపించింది, దాన్నీ కలుద్దాం, వాళ్ల పీఈటీ మేడమ్‌తో నేను మాట్లాడతా. ఇద్దర్నీ చూపించాక అప్పుడు మ్యాచ్ చూపించు. ఇద్దరి ఇళ్లల్లోనూ ముందే అడిగి ఒప్పిస్తా, వాళ్లు వద్దంటే తీయొద్దు. మూడు నిమిషాలు చాలు, ఆ టిఫిన్ సెంటర్ పిల్లల ఫోన్లోకి నేనే పంపిస్తా, పూర్తిగా చూస్తారో లేదో పక్కన కూర్చుని చూస్తా.

రాత్రి రైలెక్కు, స్టేషన్‌కు బండి తీసుకొస్తా. కాలర్ మైకులు రెండు తెచ్చుకో, మా గ్రౌండ్‌లో గాలి ఎక్కువ, ఫోన్ మైకులో మాట వినపడదు. సెలవు దొరుకుతుందో లేదో ఈ వారంలోనే చెప్పు, పిల్లల ఇళ్లకు కబురు పెట్టాలి.

నీ
రమణ