ఆంథూరియం నారు దసరా దాటాకే

నమస్తే అండి.

ఆషాఢంలో ఆంథూరియం (అందమైన ఆకుల కోసం, పూల కోసం కుండీల్లో పెంచే మొక్క) నారు అమ్మకానికి పెడతామని వేసవిలో చెప్పాం. కొందరు అడ్వాన్సు కూడా పంపారు. ఆ అమ్మకం ఇప్పుడు ఉండదు, దసరా వెళ్ళాకే. మీరు డబ్బు కట్టింది మా మాట నమ్మి కాబట్టి కారణం పూర్తిగా చెప్తున్నాను.

బయటి నుంచి తెచ్చిన ఒక పెద్ద మొక్కకి ఆకు అంచున మచ్చలు కనిపించాయి. నీరు పట్టినట్టు నల్లబారి, చుట్టూ పసుపు గీత. కొత్తగా వచ్చిన ఏ మొక్కనైనా నారుకి దూరంగా, డాబాకి రెండో వైపు ఉంచుతాం కాబట్టి అది ట్రేల దగ్గరికి రాలేదు. ఆ మొక్కని కుండీ మట్టితో సహా కాల్చేశాం. ల్యాబ్ పరీక్ష చేయించలేదు కనుక ఫలానా తెగులేనని నేను ఖాయంగా అనను. కానీ ఆ లక్షణాలు ఆంథూరియంకి వచ్చే బ్యాక్టీరియా తెగులువే. అనుమానం ఉన్నప్పుడు అదేననుకుని నడవడమే సరైన పద్ధతి.

తెల్లవారుజామున ఆంథూరియం ఆకు అంచుల్ని చూశారా? వరసగా నీటి బొట్లు ఉంటాయి. రాత్రి ఎక్కువైన నీటిని మొక్క అంచుల్లోని సన్నటి రంధ్రాల గుండా బయటికి వదులుతుంది. ఈ తెగులు తెచ్చే శాంథోమోనాస్ అనే బ్యాక్టీరియా ఆ బొట్టులోంచే, ఆ రంధ్రంలోంచే లోపలికి పోతుంది. పైనుంచి నీళ్ళు కొడితే చిమ్మిన తుంపరతో పక్క మొక్కకి పాకుతుంది. ఒకే కత్తెరతో పది మొక్కలు కత్తిరిస్తే పదికీ అంటుతుంది. పట్టాక నయం చేసే మందు లేదు. హవాయికి ఆంథూరియం 1889లో లండన్ నుంచి వచ్చింది, తర్వాత అక్కడి పెరటి తోటలకి అదే జీవనాధారం అయింది. 1980ల్లో ఈ తెగులు తగిలి ఎందరో చిన్న రైతులు సాగే మానేశారు.

దీంతో అసలు చిక్కు ఏమిటంటే మొక్క లోపల ఉండి కూడా నెలల తరబడి పైకి కనబడకపోవచ్చు. ఈ రోజు మా నారు పచ్చగా, ఆరోగ్యంగా ఉంది. రేపు మీ ఇంట్లో, మీరు ఏళ్ళుగా పెంచుకుంటున్న మొక్కల మధ్య పెట్టాక మచ్చ వస్తే? అగ్లోనిమా, సింగోనియం, డిఫెన్‌బేకియా కూడా ఈ కుటుంబానివే, వాటికీ రావచ్చు. అందుకే వానలు తగ్గేదాకా, ఇంకో మూడు నాలుగు ఆకులు విప్పేదాకా కళ్ళముందే ఉంచుకుంటాం. ఈలోపు నీళ్ళు మొక్క మొదట్లోనే పోస్తున్నాం, కత్తెరని ప్రతి మొక్కకీ స్పిరిట్‌తో తుడుస్తున్నాం.

ఇంకో మాట. "కడియం నర్సరీల్లో పూలతో ఉన్న కుండీ ఇంతకే వస్తుంటే మీ బుల్లి నారుకి అంత రేటా?" అని అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. అక్కడ ఎక్కువగా దొరికే ఎర్రపూల మొక్కలు టిష్యూ కల్చర్‌వి, అంటే ల్యాబ్‌లో మొక్క ముక్క నుంచి పెంచినవి. ఒకే తల్లి నుంచి వేల కొద్దీ, అచ్చు ఒకేలా. మావి గింజ నుంచి వచ్చినవి, ముఖమల్ లాంటి ఆకులున్న క్రిస్టలినమ్, మాగ్నిఫికమ్ లాంటి రకాల సంకరాలు. ఏ రెండూ ఒకేలా ఉండవు.

గింజ కట్టించడంలో ఓపికే సగం పని. మధ్యలో నిలబడే కంకి మీద వందల పూలుంటాయి, మనం పువ్వు అనుకునే రంగు రేకు నిజానికి ఆకే. ప్రతి పువ్వులోనూ ఆడ, మగ రెండూ ఉన్నా ముందు ఆడ దశే వస్తుంది. కంకి మీద సన్నటి తేమ బొట్లు మెరిసినప్పుడే పుప్పొడి అద్దాలి. అవి ఆరిపోయి, కొన్నాళ్ళకి గానీ అదే కంకి తన పుప్పొడి రాల్చదు. "మా మొక్కకి ఇన్ని కంకులొచ్చాయి, ఒక్క గింజా కట్టలేదేం?" అని రాసిన వాళ్ళందరికీ ఇదే జవాబు. ఇంకో మొక్క పుప్పొడిని బ్రష్‌తో కాగితం మీదికి దులిపి, బాగా ఆరబెట్టి, చిన్న డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టుకుంటే సమయానికి పనికొస్తుంది.

ఆ తర్వాత కాయ పండడానికి ఆరు నెలలు, కొన్ని రకాలకి ఇంకా ఎక్కువ. పండు దానంతటదే కంకి నుంచి బయటికి తోసుకొస్తుంది, అప్పుడే తీయాలి. లోపల ఒకటో రెండో గింజలు, సబ్జా నానినట్టు చుట్టూ జిగురు. గ్లవుజులు వేసుకునే నలపండి, కంద, చేమ చుట్టమే కాబట్టి దురద పెడుతుంది. జిగురు కడిగి వెంటనే తడి స్ఫాగ్నమ్ నాచు మీద పెట్టి మూత వేయాలి. మిగతా విత్తనాల్లా ఎండబెట్టి దాచుకుందామంటే కుదరదు, ఎండితే చచ్చిపోతాయి. ఆన్‌లైన్లో పొట్లాల్లో పొడి ఆంథూరియం గింజలు అమ్మేవాళ్ళ దగ్గర దయచేసి కొనకండి.

మొలక రెండు వారాల్లోపే వస్తుంది. ఆకు ఈనెల్లో తెలుపు, ముఖమల్ మెరుపు తేలాలంటే మాత్రం ఏడాది పడుతుంది. అందుకే ఇక మీదట రెండాకుల మొలకలు అమ్మం. అయిదో ఆకు విప్పాకే ఇస్తాం. తల్లి ఫొటో చూపించి "ఇలాగే వస్తుంది" అనీ అమ్మం. చీటీ మీద ముందు తల్లి పేరు, తర్వాత తండ్రి పేరు ఉంటుంది. పురుగులు వాటంతటవే పుప్పొడి అద్దిన కంకి అయితే తల్లి పేరొక్కటే రాస్తాం. మీరు కొనే మొక్క ఫొటో, ఆ మొక్కదే, ముందు రోజు తీసి పంపుతాం.

అడ్వాన్సు ఇచ్చినవాళ్ళు ఆగుతామంటే మీ వరుస, రేటు అలాగే ఉంటాయి. వద్దనుకుంటే ఒక్క మెసేజ్ పెట్టండి, పూర్తి డబ్బు వెనక్కి వేస్తాం, కారణం అడగం. డిస్పాచ్ సోమ, మంగళవారాల్లోనే, పార్సిల్ ఆదివారం గోడౌన్లో ఇరుక్కోకుండా. హైదరాబాద్ బోరు నీళ్ళ వాళ్ళు ఈ వానల్లోనే డ్రమ్ముల్లో వాననీళ్ళు పట్టి మూతపెట్టుకోండి. ఉప్పు నీళ్ళకి నారు వేళ్ళ కొసలు మాడిపోతాయి, అది మేం ఇక్కడ ఎంత జాగ్రత్తగా పెంచి పంపినా ఆగదు.