బెత్తెడు తేడా – మన సున్నం గీతలు

సంపాదకుడు గారికి,

పి.టి. ఉష పరుగు ఆపి కోచ్‌గా మారిన తీరుపై, మన గోదావరి డెల్టాకూ అలాంటి కోచ్ కావాలంటూ మీరు వేసిన వ్యాసం చదివాం. 1984 లాస్ ఏంజెలెస్‌లో 400 మీటర్ల హర్డిల్స్ ఆమె 55.42 సెకన్లలో ముగిస్తే, కాంస్యం 55.41కి పోయింది. ఆ వేగంలో సెకనులో నూరో వంతంటే 7 సెంటీమీటర్లు, అంటే బెత్తెడు. ఆ 55.42ను మరో భారతీయురాలు విత్యా రామ్‌రాజ్ అందుకునేసరికి 2023 వచ్చింది. ఇక కోచ్‌గా చూస్తే, ఉష స్కూల్ 2002లో పెట్టారు. శిష్యురాలు టింటు లూకా 800 మీటర్లను 1:59.17లో పరిగెత్తింది 2010లో. మంచి కోచ్‌కైనా అంత కాలం పడుతుంది.

తణుకు అమ్మాయి దండి జ్యోతికశ్రీ పారిస్ ఒలింపిక్స్ రిలేలో పరిగెత్తింది కాబట్టి మన డెల్టాకూ అలాంటి కోచ్ కావాలని మీరనడం న్యాయమే. ఈలోగా మండల స్థాయి ఎంపికల్లో గీతలైనా సరిగ్గా పడాలి కదా!

1.22 మీటర్ల లేన్లకు ఒక రౌండు పరుగులో రెండో లేన్‌కు 7.04 మీటర్లు, ఆపైన లేన్‌కు 7.67 చొప్పున స్టాగర్ (బయటి లేన్ వంపు పెద్దది కనుక మొదలుపెట్టే గీతను ముందుకు జరిపే దూరం) ఇమ్మని పుస్తకాల్లో ఉంటుంది. ఆ 7.04 లోపలి అంచున కర్బ్ (చిన్న గట్టు) కట్టిన ట్రాకుకి. కర్బ్ ఉంటే మొదటి లేన్ పొడవును అంచుకు 30 సెం.మీ. ఎడంగా కొలుస్తారు, ఉత్త గీతైతే 20 సెం.మీ. ఎడంగా. మన హైస్కూలు గ్రౌండులో ఉన్నది సున్నం గీతే. అందుకని రెండో లేన్‌కూ 7.67 ఇవ్వాలి. 7.04తో సరిపెడితే మొదటి లేన్ పిల్ల తప్ప మిగతా అందరూ 63 సెం.మీ. ఎక్కువ పరిగెత్తాలి. ఉష పోగొట్టుకున్నది ఒక్క బెత్తెడు, ఇక్కడ తొమ్మిది! గ్రౌండు 200 మీటర్లదైనా ఒక రౌండుకి ఈ లెక్కే. మీటరు వెడల్పు లేన్లైతే 6.28.

స్టాప్‌వాచీదీ ఇదే గోల. వంద మీటర్ల అవతలికి ఈల చప్పుడు చేరడానికే దాదాపు 0.3 సెకను. ఈల విని నొక్కితే 13.2 కాస్తా 12.9 అవుతుంది. జిల్లా పోటీల్లో అసలు టైము బయటపడగానే పిల్ల మందగించిందని పీఈటీని నిలదీస్తారు. ఈలతోపాటు స్టార్టర్ జెండా దించాలి, టైమర్ జెండా చూసి నొక్కాలి.

ఇక నేల. మన రేగడి వానకు దిగబడుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. పిల్లలు కాలవగట్టు తారురోడ్డెక్కి మోకాలి కింద ఎముక నొప్పులు తెచ్చుకుంటున్నారు. పూర్తి ట్రాకు అక్కర్లేదు, 80 మీటర్ల రెండు లేన్లు చాలు. 20 సెం.మీ. తవ్వితే 39 ఘనపు మీటర్ల మట్టి లేస్తుంది. అడుగున ఇటుక ముక్కలు, పైన గ్రావెల్, తడిపి రోలర్. పక్క నేల కంటే నాలుగు వేళ్లు ఎత్తుగా లేపి అంచున బోదె తీయాలి, లేదంటే తవ్విన గుంట చెరువవుతుంది. ట్రాక్టరుకు 3 ఘనపు మీటర్ల చొప్పున 20 ట్రిప్పుల దాకా సరుకు పడుతుంది.

అది కుదిరేలోపు మండలానికో 50 మీటర్ల స్టీలు టేపు ఇప్పించండి. గుడ్డ టేపు లాగేకొద్దీ సాగుతుంది.

– విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయులు, తణుకు