ముందు రాత్రి గురించి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

యూదుల సున్తీ గురించి తెలుగులో ఎక్కడ చదివినా ఒక్క ముక్కే ఉంటుంది: మగబిడ్డకు ఎనిమిదో రోజున సున్తీ చేసి పేరు పెడతారని. నిజమే. కానీ దాని ముందు రాత్రి ఊసే ఎవరూ ఎత్తరు. నేను ఇజ్రాయెల్‌లోని అష్దోద్‌లో, మొరాకో నుంచి వచ్చి స్థిరపడిన ఒక పెద్దావిడకు కేర్‌గివర్‌గా ఉంటున్నాను. ఈమధ్య ఆమె మునిమనవడికి సున్తీ జరిగింది.

ముందు రోజు సాయంత్రం ‘బ్రిత్ యిత్సాక్’ అనే వేడుక చేశారు. చీకటి పడేసరికి ఇల్లు బంధువులతో నిండిపోయింది. మగవాళ్లు బల్ల చుట్టూ చేరి జోహర్ అనే యూదుల ఆధ్యాత్మిక గ్రంథం చదివారు, మధ్యమధ్యలో భక్తి పాటలు పాడారు. ఆడవాళ్లు మాత్రం బాలింత గది దాటలేదు. ఒకరు బిడ్డను ఎత్తుకుంటే ఇంకొకరు ఆమె చేత నాలుగు ముద్దలు తినిపించారు. మొరాకోలో తన చిన్నప్పుడు అయితే కత్తి పట్టుకుని గోడల వెంట, కిటికీల దగ్గర తిప్పేవారని పెద్దావిడ చెప్పింది. దాన్ని ‘తహ్దీద్’ అంటారట. లిలిత్ అనే దయ్యం పసిబిడ్డకు కీడు చేస్తుందని భయం.

యూరప్ యూదులకు ఇదే ‘వాఖ్‌నాఖ్ట్’, అంటే కాపలా రాత్రి. చిన్నపిల్లలు వచ్చి బిడ్డ పక్కన నిలబడి ‘షెమా ఇస్రాయేల్’ అనే ప్రార్థన చెబుతారు. యాకోబు తన మనవళ్లను దీవించిన మాటలు, ఆదికాండం 48వ అధ్యాయంలోవి, అవీ చెబుతారు. వాళ్లకు మిఠాయిలు పంచుతారు. తండ్రి మేలుకుని యూదుల పవిత్ర గ్రంథం తోరా చదువుతాడు.

దయ్యం పేరు వినగానే మూఢనమ్మకం అని కొట్టిపారేసేవాళ్లు ఉన్నారు. నాకూ దయ్యాల మీద నమ్మకం లేదు. కానీ ఆ తల్లి పరిస్థితి చూడండి. ఒళ్లు ఇంకా కోలుకోలేదు, తెల్లారితే వారం బిడ్డకు కత్తి తగలబోతోంది. ఎంత టెన్షన్! ఆ రాత్రి ఆమెను ఒంటరిగా వదలకపోవడమే ఈ ఆచారానికి ప్రాణం అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇంకో సంగతి. రెండో శతాబ్దంలో రోమన్ చక్రవర్తి హేడ్రియన్ సున్తీని నిషేధించాడు. యూదుల ధర్మశాస్త్ర చర్చల గ్రంథం తాల్ముద్‌లో, సన్హెద్రిన్ భాగంలో ఒక మాట ఉంది: బుర్నీ అనే ఊళ్లో తిరగలి చప్పుడు వినిపిస్తే అక్కడ మగబిడ్డ వేడుక, బెరోర్ హాయిల్ అనే ఊళ్లో దీపం కనిపిస్తే అక్కడ విందు. బాహాటంగా పిలుచుకోలేని రోజుల్లో ఇవే పిలుపులని వ్యాఖ్యాత రాషీ వివరించాడు. పిలుపు నోటితో రాకపోయినా జనం వెళ్లి ఆ తల్లిదండ్రుల పక్కన నిలబడ్డారన్నమాట.

మీ ఆదివారం అనుబంధంలో ఇతర మతాల ఆచారాలు వేస్తుంటారు కదా. యూదుల సున్తీ ప్రస్తావన వచ్చినప్పుడు ఈ రాత్రికీ కాస్త చోటివ్వండి. బిడ్డకు కామెర్లు లాంటివి ఉంటే తగ్గేదాకా సున్తీ వాయిదా వేస్తారన్నది కూడా తప్పక రాయండి. చాలామందికి తెలియదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు, అష్దోద్, ఇజ్రాయెల్