ఈ వారం బ్యాండ్: యంగ్ మార్బుల్ జెయింట్స్

అందరికీ నమస్కారం. ఈసారి వేల్స్ వెళ్దాం. 1978లో కార్డిఫ్‌లో మొదలైన బ్యాండ్ ఇది. ఉన్నది ముగ్గురే: పాడేది అలిసన్ స్టాటన్, గిటార్, ఆర్గన్ స్టూవర్ట్ మాక్సమ్, బేస్ ఫిలిప్ మాక్సమ్. చివరి ఇద్దరూ అన్నదమ్ములు.

డ్రమ్మర్ లేడు! డ్రమ్ మెషీన్ దరువును ముందే క్యాసెట్‌లో ఎక్కించుకుని, స్టేజీ మీద ఆ టేపుతో కలిసి వాయించేవారు. పంక్ అనే గట్టి, వేగమైన రాక్ సంగీతం హోరు నడుస్తున్న రోజుల్లో ఇంత నెమ్మదిగా వినిపించడానికి ఎంత ధైర్యం కావాలి! స్టూవర్ట్ అరచేత్తో తీగలు నొక్కిపట్టి వాయిస్తాడు. గిటార్ టక్కున ఆగుతుంది, ఆ ఖాళీలోకి బేస్ వచ్చి రాగం అందుకుంటుంది. అలిసన్ మన పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టే పాడుతుంది.

1980లో రఫ్ ట్రేడ్ అనే రికార్డు కంపెనీ విడుదల చేసిన ‘కలాసల్ యూత్’ ఆల్బమ్ తర్వాత ఎక్కువ కాలం కలిసి లేరు. నిర్వాణ బ్యాండ్ గాయకుడు కర్ట్ కొబేన్‌కు ఈ ఆల్బమ్ ప్రాణం. హోల్ బ్యాండ్ 1994లో ఇందులోని ఒక పాటను మళ్లీ పాడింది.

‘ఫైనల్ డే’ కూడా వినండి. అణుయుద్ధం మీద పాట, రెండు నిమిషాలు కూడా ఉండదు. వెనకాల సన్నటి స్వరం ఒకటి ఆగకుండా మోగుతూనే ఉంటుంది. ఇయర్‌ఫోన్స్ తప్పనిసరి. ఆదివారం లోపు విని, ఎలా అనిపించిందో ఇక్కడే రాయండి.