‘కాటన్ బట్టలు వేసుకోండి’ అంటే సరిపోదు

సంపాదకులు గారికి,
నమస్కారం.

పరీక్షలు అయిపోయి సెలవులు మొదలయ్యే రోజుల్లో పత్రికల నిండా ప్రయాణాల సూచనలు వస్తాయి. ఎక్కడికి వెళ్లాలి, ఏం చూడాలి, నీళ్లు ఎన్ని తాగాలి, అన్నీ ఉంటాయి. మగవాళ్ల బట్టల దగ్గరికి వచ్చేసరికి ‘వదులైన కాటన్ బట్టలు వేసుకోండి’ అన్న ఒక్క వాక్యంతో సరిపెడతారు. అది తప్పు మాట కాదు. కానీ ఆ మాట పట్టుకుని కొట్టుకు వచ్చేవాళ్లు రెండు జీన్సు ప్యాంట్లు, నాలుగు మందపాటి టీషర్టులు కొనుక్కుని వెళ్తున్నారు. అవీ కాటనే మరి. మాలో ఒకరిది గుడ్డల వ్యాపారం, ఒకరిది కుట్టుపని. ఈ ఎంపిక తీరు మారాలని గట్టిగా అనుకుంటున్నాం కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాం.

ముందు చూడాల్సింది వెళ్లే ఊరి వేడి ఎలాంటిదని. మన తిరుపతి, చిత్తూరు వైపు మే నెల పగటి వేడి చాలావరకు పొడి వేడి. చెమట పట్టినా గాలి తగిలితే ఆరిపోతుంది. మూడు నాలుగు గంటలు బస్సులో కూర్చుని చెన్నైలో దిగితే థర్మామీటరులో అంకె మన కంటే తక్కువే ఉండొచ్చు, కానీ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఒంటి మీదే నిలుస్తుంది. పుదుచ్చేరి, రామేశ్వరం, గోవా, కేరళ తీరమంతా ఇదే తంతు. పొడి వేడిలో ఒంటిని ఎండ నుంచి కప్పాలి. అక్కడికి పలుచని గుడ్డతో కుట్టిన పొడుగు చేతుల చొక్కా మంచిది. ఉక్కపోత ఊళ్లో గాలి ఆడాలి, తడిసిన గుడ్డ త్వరగా ఆరాలి. అక్కడికి పొట్టి చేతులు, ఎడం నేత, వీలైతే లినెన్. ఒకే రకం బట్టలు రెండు చోట్లకూ పట్టుకుపోతే ఏదో ఒక చోట ఇబ్బంది తప్పదు.

నూలు చెమటను పీల్చుకుంటుంది, ఒంటికి హాయి. మామూలు వాతావరణంలో వంద గ్రాముల నూలు గాలి నుంచి ఎనిమిది గ్రాముల దాకా తేమ పట్టి ఉంచుతుంది, పాలిస్టర్ అర గ్రాము కూడా పట్టి ఉంచదు. కానీ పీల్చుకున్న నీటిని నూలు త్వరగా వదలదు. అందుకే గుడ్డ మందం ముఖ్యం. చొక్కా గుడ్డ చదరపు మీటరుకు 100 నుంచి 130 గ్రాముల మధ్య ఉంటే ఎండాకాలానికి బాగుంటుంది. టీషర్టుల అల్లిక గుడ్డ 160, 180 గ్రాములు కూడా ఉంటుంది, పైగా తడిస్తే ఒంటికి అతుక్కుంటుంది. నేసిన గుడ్డ ఒంటికి కాస్త ఎడంగా నిలుస్తుంది కాబట్టి లోపల గాలి తిరుగుతుంది. జీన్సు గుడ్డ సుమారు 400 గ్రాములు. ఒక్క ప్యాంటే 700 గ్రాముల దాకా తూగుతుంది, తడిస్తే ఒక పూటలో ఆరదు. మా లెక్కలో ఎండాకాలం సంచిలో జీన్సుకు చోటు లేదు.

‘కాటన్’ అని రాసి ఉన్నదంతా నూలు కాదు. పీసీ (పాలిస్టర్, కాటన్ కలిపినది) అనే గుడ్డలో పాలిస్టరే ఎక్కువ పాలు. ముడతలు పడదు, ఇస్త్రీ అక్కర్లేదు, అందుకే చాలామందికి నచ్చుతుంది. కానీ చెమట వాసన పాలిస్టర్‌ను పట్టుకున్నంతగా నూలును పట్టుకోదు. అనుమానం ఉంటే లోపలి కుట్టు అంచు నుంచి రెండు పోగులు లాగి, ఇనుప చిమటాతో పట్టుకుని అగ్గిపుల్ల చూపండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద రాలుతుంది. పాలిస్టరైతే ముడుచుకుని కరిగి, చల్లారాక గట్టి నల్ల పూసలా మిగులుతుంది. రెండూ కలిసిన గుడ్డైతే కొంత బూడిద, కొంత పూస. కరిగిన బొట్టు చర్మం మీద పడితే కాలుతుంది, పిల్లల్ని దూరంగా ఉంచండి. గోవా వెళ్తున్నామని కొనే పూల చొక్కాలు చాలావరకు రేయాన్. చల్లగా, జారుడుగా బాగుంటాయి. తడిసినప్పుడు మాత్రం రేయాన్ పోగుకు బలం తగ్గిపోతుంది. గట్టిగా పిండితే కుట్ల దగ్గర చిరుగుతుంది, మొదటి ఉతుకుకే కురచ కావచ్చు. ఒక సైజు పెద్దది కొనండి, పిండకుండా వేలాడదీయండి.

కుట్టించుకునేవాళ్లకు: 58 అంగుళాల పన్నాలో (అంటే గుడ్డ వెడల్పు) పొడుగు చేతుల చొక్కాకు 1.6 మీటర్లు, ప్యాంటుకు 1.2 నుంచి 1.3 మీటర్లు. 36 అంగుళాల పన్నా అయితే చొక్కాకే రెండున్నర మీటర్లు కావాలి. నూలు గుడ్డను కత్తిరించే ముందు రాత్రంతా మంచినీళ్లలో నానబెట్టి నీడన ఆరేయాలి. సెలవుల ముందు తొందరలో ఈ పని మానేస్తారు, తీరా ప్రయాణంలో మొదటిసారి ఉతికాక చొక్కా బొత్తాల దగ్గర లాగుతుంది. ఛాతీ కొలత మీద నాలుగైదు అంగుళాలు వదులు పెట్టించుకోండి. చంక కింద బిగువుగా ఉన్న చొక్కా ఎంత మంచి గుడ్డైనా అక్కడే తడిసి అక్కడే చిరుగుతుంది. రంగు విషయంలో ఒక మాట. లేత నీలం, బూడిద రంగుల మీద చెమట మరక బాగా కనిపిస్తుంది. తెలుపు, ముదురు నీలం, సన్న గళ్లు దాన్ని దాచుతాయి. కొత్త ముదురు రంగు బట్టను ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని చాలామంది నమ్ముతారు. మిల్లులో అద్దిన రంగును ఇంట్లో ఉప్పు నిలపలేదు. ప్రయాణానికి ముందే రెండుసార్లు విడిగా ఉతికేయడం మంచిది.

ఇక ఎవరూ మాట్లాడని లోబట్టల సంగతి. పైచొక్కాలు ఆరు సర్దుకుని, బనియన్లు, డ్రాయర్లు రెండేసి పెట్టుకునే మగవాళ్లే ఎక్కువ. లెక్క తిరగబడాలి. పైచొక్కా రెండు రోజులు వేసుకోవచ్చు, లోబట్ట పూటకొకటి మార్చాల్సి రావచ్చు. చెమట ఆరితే ఉప్పు మిగులుతుంది. ఆ ఉప్పు మీద తొడలు రాసుకుంటే ఒరుపు వచ్చి నడవలేరు. ఎక్కువ నడిచే రోజు కురచ డ్రాయరు కాకుండా తొడ సగం దాకా వచ్చేది వేసుకోవాలి. బయల్దేరే ముందే అక్కడ కొబ్బరినూనె గానీ వాజలైన్ గానీ పలచగా రాసుకోవాలి. పౌడరు పొడి ఒంటి మీద పనిచేస్తుంది గానీ తడి మీద చల్లితే ఉండలు కట్టి ఇంకా ఒరుస్తుంది. సగం ఆరిన డ్రాయరు వేసుకోవడం, తడి తువ్వాలు ఇద్దరు వాడుకోవడం గజ్జల్లో తామరకు దారి. తామర వస్తే మందుల షాపులో అడిగి స్టీరాయిడ్ కలిసిన క్రీము కొనకండి. రెండు రోజులు దురద తగ్గి, తర్వాత మచ్చ మరింత పాకుతుంది. చర్మ వైద్యుడికి చూపించాల్సిందే.

నాలుగు రాత్రుల ప్రయాణానికి మేం చెప్పే లెక్క ఇది. ఒంటి మీద ఉన్నదానితో కలిపి మూడు చొక్కాలు, రెండు పలుచని ప్యాంట్లు, ఒక లుంగీ, ఐదు బనియన్లు, ఐదు డ్రాయర్లు, రెండు సన్న తుండుగుడ్డలు, గుడికి వెళ్లే పని ఉంటే పంచె, కండువా. అన్నీ కలిపి మూడున్నర కిలోలు దాటవు. ఎనిమిది రాత్రులైనా ఇంతే, మధ్యలో ఉతుక్కోవాలి. మందపాటి టర్కీ టవలు వద్దు. ఒక్కసారి తడిస్తే ఉక్కపోత ఊళ్లో మర్నాటికీ ఆరదు. తుండుగుడ్డ తుడుచుకోవడానికే కాదు, ఎండలో తడిపి తలకు చుట్టుకోవడానికీ పనికొస్తుంది. ఏసీ బోగీలో రాత్రికి పొడుగు చేతుల చొక్కా ఒకటి చాలు. పలమనేరు, కుప్పం వైపు సాయంత్రాలు చల్లబడతాయి గానీ స్వెటరు మోసేంత కాదు. సముద్రంలోకో తలకోన జలపాతం కిందికో దిగేవాళ్లకు మాత్రం నూలు పనికిరాదు, నీళ్లు పీల్చి బరువెక్కి కాళ్లకు అడ్డం పడుతుంది. అక్కడ నైలాన్ లేదా పాలిస్టర్ నిక్కరే సరైనది. సముద్రంలో తడిసిన బట్టను మంచినీళ్లలో జాడించకుండా ఆరేస్తే, మిగిలిన ఉప్పు గాలిలో తేమను లాగుతూ బట్టను జిగటగానే ఉంచుతుంది.

గుళ్లకు వెళ్లేవాళ్లు ముందే తెలుసుకోవాల్సినవి ఉన్నాయి. తిరుమలలో ఆర్జిత సేవలకు, ప్రత్యేక ప్రవేశ దర్శనానికి మగవాళ్లు పంచె, కండువా గానీ కుర్తా, పైజమా గానీ వేసుకోవాలి. కేరళలో గురువాయూరు, తిరువనంతపురం పద్మనాభస్వామి ఆలయాల్లో చొక్కా, బనియను తీసేసి పంచెతోనే లోపలికి వెళ్లాలి. అక్కడికి విప్పి చుట్టుకోవడానికి వీలైన చొక్కా మేలు. అప్పటికప్పుడు గుడి ముందు కొనే పంచె గంజి పెట్టి బిరుసుగా ఉంటుంది, నడుముకు నిలవదు, చెమటకు ఒరుస్తుంది. ఇంటి దగ్గరే ఒకసారి ఉతికి గంజి పోగొట్టిన పంచె తీసుకెళ్లాలి. ఒంటిపొర చాలనుకుంటే నాలుగు మూరలు, అంటే 1.8 మీటర్లు. మడత పెట్టి రెండు పొరలుగా కట్టుకునేవాళ్లకు ఎనిమిది మూరలు, అంటే 3.6 మీటర్లు. కట్టుకోవడం రానివాళ్లకు వెల్‌క్రో పంచెలు వచ్చాయి, మంచివే. అయితే ఆ పట్టీని మూసి ఉంచి సర్దకపోతే పక్కనున్న బనియన్ల పోగులన్నీ లాగేస్తుంది. పట్టు పంచె ఎండాకాలం క్యూకు పనికిరాదు. చెమటకు పట్టు బలం పోతుంది, జరీ నల్లబడుతుంది.

అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కేవాళ్లు వదులు ప్యాంటుతో ఎక్కి, పంచె పైన స్నానం చేశాక కట్టుకుంటే బాగుంటుంది. కింద అప్పగించిన సామాను పైకి చేర్చే ఏర్పాటు ఉంది గానీ, మీరు చేరగానే అది చేతికి రాకపోవచ్చు. ఒక పొడి బనియను, తుండుగుడ్డ చేతి సంచిలోనే ఉంచుకోండి.

సర్దేటప్పుడు బరువైన ప్యాంట్లు అడుగున, బనియన్లు చుట్టలుగా పక్కల సందుల్లో, చొక్కాలు బొత్తాలన్నీ పెట్టి పైన. కాలర్ లోపల చుట్టిన మేజోళ్లు పెడితే అణగదు. దిగగానే కావాల్సిన లుంగీ, తుండుగుడ్డ అన్నిటికన్నా పైన ఉండాలి. ఇంటిల్లిపాదీ వెళ్తుంటే ప్రతివాళ్ల జత ఒకటి ఇంకొకరి సంచిలో ఉండాలి. ఒక సంచి పోయినా, ఆలస్యంగా వచ్చినా మర్నాడు కట్టుకోను బట్ట ఉంటుంది. బట్టలను ప్లాస్టిక్ కవర్లలో బిగించకండి, కాస్త చెమ్మ ఉన్నా ముక్కిన వాసన పడుతుంది. పాత పంచె ముక్కతో కుట్టిన సంచులు చాలా నయం. ప్లాస్టిక్ కవరు ఒకటి మాత్రం తడి బట్టలకని ఉంచుకోవాలి, గది చేరగానే ఖాళీ చేయాలి.

ఉతకడానికి మూడు మీటర్ల నైలాన్ తాడు, ఆరు క్లిప్పులు, సబ్బుపొడి పొట్లం చాలు. చాలా ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, సబ్బుబిళ్ల నురగ రాదు, పొడే నయం. ఉతికిన బట్టను పొడి తుండుగుడ్డ మీద పరిచి, రెండూ కలిపి చుట్టి, ఆ చుట్టను పిండితే నీళ్లు చాలావరకు దిగిపోతాయి. తర్వాత తిరగేసి ఫ్యాను కింద వేయాలి. చంకల్లో పసుపు మరక పడితే బ్లీచింగ్ పెట్టకండి, ఇంకా ముదురుతుంది. ఒక బట్టను సంచిలో పెట్టాలా వద్దా అన్నదానికి మా పరీక్ష కూడా ఇదే: రాత్రి ఉతికితే పొద్దున్నకి ఆరుతుందా? ఆరని దాన్ని ఇంట్లోనే వదిలేయండి.

సంపాదకులకు ఒక విన్నపం. మీ వాతావరణ పట్టికలో గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు వేస్తున్నారు. సెలవులు ముగిసేదాకా వాటి పక్కన గాలిలో తేమ శాతం కూడా వేయండి. మన ఊళ్లతో పాటు ఇక్కడి జనం ఎక్కువగా వెళ్లే చెన్నై, పుదుచ్చేరి, బెంగళూరు, విశాఖపట్నాలవి కూడా ఉంటే ఇంకా మంచిది. సాయంత్రపు తేమ 70 శాతం దాటే ఊరికి వెళ్లేవాళ్లు పై లెక్కకు ఇంకో రెండు జతల లోబట్టలు కలుపుకోవాలి, ఒక ప్యాంటు తగ్గించుకుని లుంగీ పెంచుకోవాలి. ఆ అంకె చేతిలో లేకపోతే ఏం సర్దుకోవాలో తేల్చుకోవడం కష్టం.

ఇట్లు,
ఒక గుడ్డల వ్యాపారి, ఒక దర్జీ
గాంధీ రోడ్డు, తిరుపతి